ప్రేమానందం ఆరో తరగతి లెక్కలు

ఆత్మకూరులో బడి వ్యాను నడిపే ప్రేమానందం కూతురు బడికి పోదు. ఈ ముక్క విన్నవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత ఎందుకని అడుగుతారు. ప్రేమానందం కూడా ముందు వాళ్ళతో కలిసి నవ్వి, ఆ తర్వాతే సంగతి చెబుతాడు.

వాళ్ళది చేజర్ల దారిలో ఒక పల్లె. రోజూ పొద్దున ఏడున్నరకు వ్యాను తీసి, నాలుగు పల్లెల్లో ఇరవై ఒక్క మంది పిల్లల్ని ఎక్కించుకుని, ఆత్మకూరులో మూడు ప్రైవేటు బడుల దగ్గర దించుతాడు. ఎవరి డబ్బాలో పులిహోర ఉందో వాసన పట్టి చెప్పగలడు. ఎవరు హోంవర్కు చెయ్యలేదో ముఖం చూసి చెప్పగలడు. అంతమందిని మోసే వ్యానులో తన కూతురికి మాత్రం చోటు లేకపోయింది. అశ్వితకు ఏ బండి ఎక్కినా వాంతులే. ఊళ్ళో బడి రెండో తరగతి దాకానే ఉంది. మూడో తరగతికి ఆత్మకూరు తీసుకుపోదామని ఎక్కిస్తే, రెండో మలుపు తిరిగేలోగా పక్కనున్న పిల్ల గౌను పాడయింది. నిమ్మకాయ వాసన చూపించారు, అల్లం నమిలించారు, మాత్ర వేశారు. మాత్రకు వాంతి ఆగింది గానీ పిల్ల మధ్యాహ్నం దాకా బల్ల మీదే నిద్రపోయింది. నెల తిరిగేసరికి మిగతా పిల్లల తల్లులు గొడవకు వచ్చారు. అలా ఎనిమిదేళ్ళ అశ్విత ఇంటిపట్టునే చదువు మొదలుపెట్టింది.

అమ్మ పావని ఆత్మకూరులో బట్టల షాపులో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక తెలుగూ ఇంగ్లీషూ ఆమె వంతు. పిల్లల్ని దించి ఇంటికొస్తే మళ్ళీ మూడున్నర దాకా ప్రేమానందానికి ఖాళీ. కాబట్టి లెక్కలు ఆయన వంతు. ఆయన పదో తరగతి పాసయ్యాడు. లెక్కల్లో ముప్పై ఆరు మార్కులు. అయినా వ్యాను నడిపేవాడికి లెక్కలకు కొదవేముంది? ఎక్కినవాళ్ళు ఎంతమంది, దిగినవాళ్ళు ఎంతమంది, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, ఏడూ ముప్పైకి బయల్దేరితే తొమ్మిదికి రెండు నిమిషాల ముందు గేటు దగ్గర ఉండాలంటే ఎక్కడ ఎంతసేపు ఆగాలి. కూడికలతో మొదలై భిన్నాలు, దశాంశాలు, శాతాల దాకా తండ్రీకూతుళ్ళు మూడేళ్ళలో ఆ వ్యాను మీదే నడిచేశారు.

ఒకరోజు వసారాలో కూర్చుని ఆఖరి శాతం లెక్క చేసి, అశ్విత నోటుపుస్తకం మూసేసింది.

"నాన్నా, అయిపోయినాయి."

"ఏంది అయిపోయింది?"

"లెక్కలు."

ప్రేమానందం నవ్వాడు. "లెక్కలు అయిపోవడం ఏంది పాపా?"

"మరి నువ్వే చెప్పు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, భిన్నాలు, శాతాలు. ఇంకేమన్నా ఉండాయా?"

ప్రేమానందం ఆలోచించాడు. ఉన్నాయి. ఏవో ఉన్నాయి. కంపాస్ పెట్టె ఉంది, ఎక్స్ అని ఒకటి ఉంది. వాటికి దారి ఎటో మాత్రం గుర్తుకు రాలేదు.

"సరే, ఒకటి చెప్పు," అంది అశ్విత. "మూడులోంచి అయిదు తీస్తే ఎంత?"

"పోదు."

"ఎందుకు పోదు?"

"పోదంటే పోదు. చిన్నదాంట్లోంచి పెద్దది పోదు. మాకు అట్టనే చెప్పినారు."

"చెప్పినోళ్ళు తీసి చూసినారా?"

ఆ ప్రశ్నతో ప్రేమానందం లేచి, వ్యాను కడగాల్సి ఉందని చెప్పి బయటికొచ్చాడు. వ్యాను నిన్ననే కడిగాడు.

మర్నాడు పొద్దున ఆయనకు ఒక ఉపాయం తట్టింది. తనకు తెలియకపోతే ఏం, వ్యానులో ఇరవై ఒక్క మంది లెక్కలు చదివేవాళ్ళు ఉన్నారు కదా! మూడు బడులు, మూడు రకాల సిలబస్సులు. అద్దంలో చూస్తూ గట్టిగా అడిగాడు.

"ఏమ్మా, ఐదో తరగతి లెక్కలు అయినోళ్ళు తర్వాత ఏ పుస్తకం చదవాల?"

వ్యాను దద్దరిల్లింది. మా పుస్తకం వద్దంటే మా పుస్తకం వద్దని అందరూ అరిచారు. ఒక్కళ్ళు కూడా తమ పుస్తకం మంచిదని అనలేదు. చివరికి ఏడో తరగతి దివ్యశ్రీ ముందు సీటు వెనక నుంచి తల పెట్టి, "అంకుల్, నాది పోయినేడు ఫౌండేషన్ పుస్తకం ఉండాది. ఇచ్చేదా? మళ్ళీ తిరిగి ఇవ్వకపోయినా పరవాలేదు," అంది.

ఆ పుస్తకం గ్యాస్ పొయ్యి అంత వెడల్పు ఉంది. అట్ట మీద రాకెట్టు. పావనికి చూడగానే నచ్చింది. షాపు ఓనరు మనవరాలు చదివేది కూడా ఇదేనట.

"ఇది చదివితే ఇంజనీరు సీటుకు ఇప్పుడే పునాది పడతాదంట," అంది.

"గోడలు లేస్తాయా?"

"నీకు ఎగతాళే. పిల్ల ఎంతసేపూ వ్యాను లెక్కలే చేస్తా కూర్చుంటే అయ్యేది కాదు."

సరే, వారం రోజులు చూద్దామనుకున్నారు. మొదటి పాఠం కింద ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదానికి గుర్తు పెట్టాలి. అశ్విత అరగంటలో ముగించింది. వెనక పేజీ తీసి సరిచూస్తే పద్నాలుగు సరైనవి. ప్రేమానందం ఛాతీ ఉప్పొంగింది. పావని షాపు నుంచి రాగానే చూపించాడు. పావని ఒక ప్రశ్న మీద వేలు పెట్టి, "ఇది ఎట్ట చేసినావు?" అని అడిగింది.

"తెలియలా. తెలియనివాటికి అన్నిటికీ సి పెట్టుకుంటా పోయినాను," అంది అశ్విత నిజాయితీగా. "ఈ పుస్తకంలో సికి మర్యాద ఎక్కువమ్మా."

రెండో పాఠంలో సి మర్యాద తగ్గింది. ఇరవైకి మూడు వచ్చాయి. పుస్తకం బీరువా పైకి ఎక్కింది.

తర్వాతి వంతు ఫోనుది. ఒక యాప్ ఉందని, వారం రోజులు ఊరికే చూడొచ్చని పావని తోటి పనామె చెప్పింది. యాప్ తెరవగానే టై కట్టుకున్న సారు వచ్చి, సగం ఇంగ్లీషు సగం తెలుగు కలిపి కోణాల గురించి పరుగు లంకించుకున్నాడు. మధ్యలో ఆగి ఒక ప్రశ్న వేసి, మూడు సెకన్లు చూసి, "సూపర్! వెరీ గుడ్!" అన్నాడు.

"నేనేం చెప్పలేదే," అంది అశ్విత.

మళ్ళీ ప్రశ్న. ఈసారి కావాలనే నోరు గట్టిగా మూసుకుని కూర్చుంది. "ఎక్సలెంట్!" అన్నాడు సారు.

అశ్వితకు అది మహా సరదా అయింది. సారు అడిగినప్పుడల్లా తప్పు జవాబు చెప్పడం, పొగిడించుకోవడం. లంబకోణం అంటే ఏందమ్మా అంటే "మా మేనత్త" అని చెప్పి కూడా శభాష్ అనిపించుకుంది. దానికితోడు ఆ ఫోను ప్రేమానందం వ్యాను ఫోను. కోణం తెరుచుకునే సరికి ఏ పిల్ల తల్లో ఫోను చేసేది. "అన్నా, మా పాప నీళ్ళ బాటిల్ వ్యానులో ఉండాదేమో చూడు." కోణం అక్కడే సగంలో ఆగేది.

వారం అయిపోయింది గానీ యాప్ వాళ్ళు వదల్లేదు. రోజూ మధ్యాహ్నం ఒక అమ్మాయి తియ్యటి గొంతుతో ఫోను చేసేది.

"సార్, మీ పాప ఫ్యూచర్ గురించి మాట్లాడాలి సార్."

"మా పాప ఫ్యూచర్ పెరట్లో బట్టలు ఆరేస్తా ఉండాది. పిలిచేదా తల్లీ?"

ఆ అమ్మాయి కూడా నవ్వేసింది. ఆ తర్వాత ఫోను రాలేదు.

మూడో పుస్తకం ఎదురింటి మాలకొండమ్మ ఇచ్చింది. ఆమె కూతురు గవర్నమెంటు హైస్కూల్లో ఆరో తరగతి అయ్యి ఏడుకు పోయింది. పుస్తకంలో ఎడమ పక్క తెలుగు, కుడి పక్క అదే పాఠం ఇంగ్లీషులో. బొమ్మల్లోని పిల్లలందరికీ పెన్నుతో గీసిన మీసాలు ఉన్నాయి. రెండు భాషలు ఒకే చోట ఉన్నాయని పావని మెత్తబడింది. కానీ అశ్విత మొదటి మూడు పాఠాలు రెండు రోజుల్లో తిప్పేసింది. పెద్ద సంఖ్యలు చదవడం, భాజకాలు కనుక్కోవడం లాంటివి.

"ఇవి వచ్చినవే నాన్నా. మీసాలు చూడటానికి బాగుండాయంతే."

ఆ రోజు అన్నాల దగ్గర మొగుడూ పెళ్ళాలకు మాటా మాటా పెరిగింది. ఒకటి కష్టం, ఒకటి తేలిక, ఒకటి దొంగ పొగడ్త. పుస్తకం ఎంచుకోవడం తనకు చేతకాదని ప్రేమానందం ఒప్పుకోడు. ఒప్పుకోమని పావని అంటుంది. చివరికి పావనే అంది.

"నీకు లెక్కలు చెప్పిన సారు బతికే ఉండాడు గదా. ఆయన్ని అడగరాదూ?"

నారాయణయ్య సారు ఆత్మకూరు హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక సొంతూరు ఉదయగిరిలో ఉంటున్నాడు. ప్రేమానందానికి ఆయనంటే ఇప్పటికీ భయమే. నంబరు సంపాదించి, గొంతు సవరించుకుని, నిలబడి ఫోను చేశాడు.

"సార్, నేను ప్రేమానందం సార్. మీ దగ్గర పదో తరగతి..."

"ఆ, చివరి బెంచీ. కిటికీ పక్కన. చెప్పు."

సంగతంతా చెప్పి, "ఏ పుస్తకం కొనమంటారు సార్?" అని అడిగాడు.

"కాలు చూడకుండా చెప్పుల సైజు చెప్పమంటావా? పిల్లని తీసుకురా."

ఇక్కడే చిక్కు వచ్చింది. ఉదయగిరి అక్కణ్ణించి అరవై కిలోమీటర్లకు తక్కువ లేదు. మర్రిపాడు మెట్టల మీదుగా, లారీల వెనకాల. అశ్విత మలుపులు లెక్కపెట్టుకుంది, కడుపు మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"ఆ సారుకు మూడులోంచి అయిదు తియ్యడం వచ్చా?"

"వచ్చే ఉంటాదమ్మా."

"అయితే పోదాం."

రెండో శనివారం బడులకు సెలవు. ఖాళీ వ్యానులో ముందు సీట్లో అశ్విత, కిటికీ తెరిచి, ఒళ్ళో నాలుగు ప్లాస్టిక్ కవర్లు. పావని వెనక సీట్లో నిమ్మకాయలతో. ప్రేమానందం తన జన్మలో అంత మెల్లగా ఎన్నడూ బండి నడపలేదు. గొర్రెల మంద ఒకటి వాళ్ళను దాటుకుని ముందుకు పోయింది. అంత చేసినా రెండు కవర్లు ఖర్చయ్యాయి. కొండ కనిపించేసరికి పిల్ల ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. అయినా వెనక్కి తిప్పమని అనలేదు.

నారాయణయ్య సారు వరండాలో కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. బక్కపలచని మనిషి, చొక్కా జేబులో ఇప్పటికీ ఎర్ర పెన్సిలు. పిల్లను చూసి ఏమీ అడక్కుండా, లోపలికి పోయి మజ్జిగలో ఉప్పు వేసి, కొయ్య గరిటెతో తిప్పి తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగి, ముఖం కడుక్కుని, తేరుకునే దాకా వాన సంగతులే మాట్లాడాడు. ప్రేమానందం సంచిలోంచి తీసిన మూడు రకాల సరంజామా వంక కన్నెత్తి చూడలేదు.

తర్వాత ఉన్నట్టుండి అడిగాడు.

"అమ్మాయ్, నేనొక సంఖ్య అనుకున్నా. దాన్ని మూడింతలు చేసి నాలుగు కలిపితే ఇరవై అయిదు వచ్చింది. ఏందది?"

"ఏడు," అంది అశ్విత.

"ఎట్ట?"

"మీరు వచ్చిన దారిన నేను వెనక్కి పోయినాను సార్. కలిపిన నాలుగు తీసేసినాను. ఇరవై ఒకటి. మూడింతలు చేసినదాన్ని మూడు భాగాలు చేసినాను."

సారు తల ఊపి, ప్రేమానందం వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. రెండింతలు చేసి అయిదు తీస్తే పదమూడు."

 నలభై ఏళ్ళ ప్రేమానందం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పావని నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అశ్విత పెదాలు కదపకుండా "వెనక్కి, వెనక్కి" అని గొణిగింది.

"పద్దెనిమిది... తొమ్మిది సార్!"

"చూసినావా, నీకూ వస్తాది. పబ్లిక్ పరీక్షలో నీకు ముప్పై ఆరు వచ్చినాయంటే నాకే నమ్మకం కలగలేదు అప్పట్లో." సారు మళ్ళీ పిల్ల వైపు చూశాడు. "నువ్వేమన్నా అడగాలా?"

"మూడులోంచి అయిదు పోతాదా సార్?"

నారాయణయ్య శనక్కాయల చేట పక్కన పెట్టాడు. సుద్దముక్క తెచ్చి వరండా గచ్చు మీద పొడుగ్గా గీత గీశాడు. మధ్యలో సున్నా, కుడి వైపు ఒకటి, రెండు, మూడు, ఇలా పది దాకా. ఎడమ వైపు కూడా అడ్డగీతలు గీశాడు గానీ అంకెలు వెయ్యలేదు.

"మూడు మీద నిలబడు. ఇప్పుడు వెనక్కి అయిదు అడుగులు వెయ్యి."

అశ్విత వేసింది. ఒకటి, రెండు, మూడు. సున్నా మీదికొచ్చి ఆగింది. సారు వైపు చూసింది.

"ఎందుకు ఆగినావు? సున్నా గోడ కాదమ్మా, గడప. దాటొచ్చు."

ఆమె దాటింది. ఇంకో రెండు అడుగులు. పేరు లేని గీత మీద నిలబడి, కాళ్ళ వంక చూసుకుంది. "ఇది కూడా రెండే. కానీ ఆ పక్క రెండు కాదు," అంది నెమ్మదిగా. సారు సుద్దముక్క ఆమె చేతికిచ్చాడు. రెండుకు ముందు ఒక చిన్న అడ్డగీత పెట్టాలని చెప్పాడు. అక్కణ్ణించి ఆమెను ఎవరూ ఆపలేకపోయారు. ఎడమ వైపు అంకెలు వేసుకుంటూ వేసుకుంటూ, గచ్చు అయిపోయి, మెట్ల మీదికి దిగింది. పెరట్లో కోళ్ళ గూడు దగ్గర మైనస్ ఇరవై ఆరు వేసి, ఇంకా పోతాయా అని అరిచింది.

"పోతానే ఉంటాయి. భోజనానికి రా," అన్నాడు సారు.

అన్నాలయ్యాక అప్పుడు పుస్తకాలు ముందేసుకున్నాడు. మీసాల పుస్తకం విషయసూచిక తీసి, ఎర్ర పెన్సిలుతో నాలుగు పాఠాలు కొట్టేశాడు.

"ఇవి పిల్లకి వచ్చు. ఊరికే కూర్చోబెడితే లెక్కల మీద విసుగు పుడతాది. సున్నాకి కింద ఉండే సంఖ్యలతో మొదలుపెట్టండి, ఆమె అడిగింది అదే గదా. తర్వాత బీజగణితం, వెనక్కి నడవడం ఆమెకు ముందే తెలుసు. తర్వాత నిష్పత్తులు. రేఖాగణితం మాత్రం రోజూ కొంచెం, కంపాసు చేత్తో పట్టుకుని. రాకెట్టు పుస్తకం పారెయ్యబాకండి, శుక్రవారాలు అందులోంచి రెండు లెక్కలు చేయించండి. కింద జవాబుల మీద కాగితం కప్పి."

"మరి ఫోను సార్?" అంది పావని.

"బొమ్మ అర్థం కానప్పుడు చూసుకోండి. పొగడ్తలకు మీరిద్దరు చాలరా?" ఆయన ప్రేమానందం వైపు వేలు చూపించాడు. "అసలు సంగతి ఇది. నువ్వు చెప్పబాక. నువ్వు కూడా చదువు. పిల్లకంటే ఒక పాఠం వెనక. ఆమె చదివి నీకు చెప్పాల. నీకు అర్థం కాలేదంటే ఆమెకూ రాలేదని లెక్క."

"సార్, నేను ఆరో తరగతా?"

"అప్పుడు సరిగ్గా చదివుంటే ఇప్పుడు ఎందుకు?"

ఆ సోమవారం నుంచి వసారాలో రెండు నోటుపుస్తకాలు. ఒకటి అశ్వితది, ఒకటి ప్రేమానందానిది. పిల్ల చెప్పేది, తండ్రి బుర్ర గోక్కునేవాడు. ఎక్స్ దగ్గర ఆయన మొరాయించాడు. "అసలు ఈ ఎక్స్ ఎవరు? ఎవరో చెప్పకుండా విలువ చెప్పమంటే ఎట్ట?" అని రెండు రోజులు కూర్చున్నాడు. అశ్విత చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. "వ్యానులో ఎవరో ఎక్కినారు నాన్నా. ఎంతమందో నువ్వు చూడలేదు. చూడలేదు గాబట్టి ఎక్స్. ఆత్మకూరులో దిగినాక లెక్కపెడితే తెలుస్తాది." మూడో రోజు పిల్లల్ని దించి వచ్చి, చెప్పులు విప్పకుండానే, "తెలిసింది! తెలిసింది!" అని అరుస్తూ లోపలికొచ్చాడు. కోణాల పాఠంలో మాత్రం ఆయనే పైచేయి. స్టీరింగు ఎంత తిప్పితే బండి ఎంత తిరుగుతుందో ఆయనకు తెలిసినట్టు పుస్తకం రాసినవాళ్ళకు కూడా తెలియదని వాదించాడు. అశ్విత కోణమానిని తెచ్చి కొలిచి, ఒక్కసారికి ఒప్పుకుంది.

దసరా సెలవుల తర్వాత అదే ఊళ్ళో ఉండే దివ్యశ్రీ వ్యాను తీసే వేళకు పది నిమిషాలు ముందుగా వాళ్ళింటికి రావడం మొదలుపెట్టింది. నోటుపుస్తకం చేతిలో. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో వాళ్ళ క్లాసులో చెప్పారు గానీ అర్థం కాలేదట. అశ్వితకు అది ఇంకా రాలేదు. రాలేదని చెప్పి, ఇద్దరూ కలిసి వ్యాను చక్రం పక్కన మట్టిలో గీతలు గీసుకుని కూర్చున్నారు. మర్నాడు ఇంకో ఇద్దరు పిల్లలు వచ్చారు. వ్యాను నాలుగు నిమిషాలు ఆలస్యమైందని ఒక బడివాళ్ళు ప్రేమానందాన్ని నిలదీశారు. "లెక్కల వల్ల సార్," అన్నాడాయన. 

మార్చి నెలలో ఉదయగిరి నుంచి పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల చేత్తో రాసిన ప్రశ్నపత్రం, రెండు కాపీలు. పైన 'రెండున్నర గంటలు, మాట్లాడుకోకూడదు' అని ఉంది. ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక పావని ఇద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టి, తలుపు మధ్యలో కుర్చీ వేసుకుని కాపలా కాసింది. ప్రేమానందం నీళ్ళు కావాలని రెండుసార్లు లేవబోతే కూర్చోమంది. జవాబులు పోస్టులో పంపారు. పది రోజులకు ఎర్ర పెన్సిలు గీతలతో తిరిగొచ్చాయి. అశ్వితకు ఎనభై ఎనిమిది. ప్రేమానందానికి అరవై ఒకటి. ఆయన ఆ కాగితాన్ని మడత విప్పి, మళ్ళీ మడిచి, మళ్ళీ విప్పి చూసుకున్నాడు.  సాయంత్రం వ్యానులో పిల్లలకు తలా ఒక చాక్లెట్టు ఇచ్చాడు. ఎందుకంకుల్ అని అడిగితే, ఆరో తరగతి పాసయ్యానని చెప్పాడు.

ఇప్పుడు ఏడో తరగతి పుస్తకం వచ్చింది. ఈసారి కొత్తది, మీసాలు లేనిది. త్రిభుజాలతో మొదలుపెడదామని అశ్విత, ఘాతాంకాలతో అయితే తేలిగ్గా ఉంటుందని ప్రేమానందం వారం రోజులు వాదించుకున్నారు. తీర్పు చెప్పమని సారుకు ఫోను చేస్తే, "ఇంకా నన్నెందుకు అడుగుతారు? మీరే తేల్చుకోండి," అని పెట్టేశాడు. పావని చీటీలు వేసింది. త్రిభుజాలు వచ్చాయి. ఎదురెదురు కూర్చుని ఇద్దరూ ఇప్పుడు అట్టముక్కలు కత్తిరిస్తున్నారు. ప్రేమానందం కత్తిరించిన త్రిభుజంలో మూడు కోణాలు కలిపితే నూట ఎనభై మూడు వస్తోంది. కత్తెర మంచిది కాదంటాడు. కొలవడం రాలేదంటుంది అశ్విత.